నిటారు మంచువాలుపై స్టార్ట్ కాని స్నోమొబైల్: నా అనుభవం

నేను నడిపే స్నోమొబైల్ (ముందు రెండు స్కీలు, వెనక ట్రాక్ అనే తిరిగే రబ్బరు పట్టీతో మంచుపై నడిచే బండి) 800 సీసీ తరగతికి చెందిన రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ బండి. దానికి ఫ్యూయల్ ఇంజెక్షన్ లేదు, గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్లు సిలిండర్‌కొకటి చొప్పున రెండున్నాయి. బటన్ స్టార్టు కూడా లేదు, కుడిపక్కనున్న తాడు లాగి స్టార్ట్ చేయవలసిందే. చదునైన చోట ఇది పెద్దగా సతాయించిన బండి కాదు. అలాంటిది, ఎత్తైన కొండల్లో, మోకాలి లోతు పొడిమంచు పరచుకున్న ఒక నిటారు వాలును అడ్డంగా దాటుతుండగా కుడివైపుకు, అంటే కొండవైపుకు, ఒరిగిపడి ఆగిపోయింది. ఆ తరువాత చాలాసేపు మొరాయించింది. దాన్ని తిరిగి నడిపించడానికి ఏ క్రమంలో ఏమేమి చూశానో, ఎక్కడ ఏ కారణంతో ముందుకు వెళ్ళానో, ఎక్కడ చేయి ఆపానో ఇక్కడ రాస్తున్నాను.

వాలును అడ్డంగా దాటేటప్పుడు నడిపేవాడు కొండవైపు కాలిపలకపై బరువంతా మోపి, బండిని కొండవైపుకు వంచి, ట్రాక్ అంచు మంచులోకి దిగేటట్టు చూసుకుంటూ పోతాడు. ఆ వంపు కాస్త ఎక్కువైతే బండి కొండమీదికే వాలి పడుకుంటుంది. పల్లంలోకి దొర్లిపోవడంతో పోలిస్తే ఇది మేలైన పతనమే. అయితే నా బండిలో సైలెన్సర్ గొట్టం బయటికి తెరుచుకునేది కుడివైపు అడుగునే కాబట్టి, కుడివైపుకు పడటం వల్ల కలిగే ఇబ్బందులు వేరుగా ఉంటాయి. ఆ సంగతి తరువాత వస్తుంది.

బండి పడగానే ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నేను మొదట చూసినది ఇంజన్‌ను కాదు, వాలును. నా దగ్గరున్న వాలుకొలత పరికరం 34 డిగ్రీలు చూపింది. పెద్ద పలకలుగా విరిగిపడే మంచుచరియల్లో అధికభాగం 30 నుంచి 45 డిగ్రీల మధ్యనున్న వాలుల్లోనే మొదలవుతాయి. అంటే నేను నిలబడిన చోటు సరిగ్గా ఆ పరిధిలోనే ఉంది. అలాంటి వాలుపై ఒకరికి మించి ఉండకూడదన్నది కొండల్లో బండి నడిపేవారందరూ పాటించవలసిన నియమం. ఇరుక్కున్న మనిషికి సాయపడాలని రెండో బండి కూడా అదే వాలు ఎక్కితే మంచుపొరపై బరువు పెరుగుతుంది, చరియ విరిగితే తవ్వి తీయవలసినవాడు కూడా మంచుకింద పూడిపోతాడు. నా వెంట వచ్చిన పెద్దాయన ఎదుటి గట్టుమీద, చెట్ల వరుస దగ్గర, నేను కనిపించేటట్టు ఆగి రేడియోలో పలకరించారు. "తమ్ముడూ, నేను రాను. నీ బీకన్ పనిచేస్తోందా, ముందు అది చూసి చెప్పు" అన్నారు. చూసి చెప్పాను. బీకన్ అంటే మంచుకింద పూడిపోయిన మనిషి జాడ తెలిసేటట్టు ఒంటికి కట్టుకునే సంకేత పరికరం. అది సంకేతం పంపుతున్నప్పుడు ఫోను, రేడియో వంటివి దానికి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి కాబట్టి రేడియోను భుజం పట్టీకి, ఫోనును ప్యాంటు జేబుకు మార్చుకున్నాను.

ఆ తరువాత నిర్ణయించుకోవలసినది ఒక్కటే: ఇక్కడే బాగుచేయాలా, కిందికి దించి బాగుచేయాలా? నా అభిప్రాయంలో వాలుపై ఆగిన బండి విషయంలో మిగిలిన ప్రశ్నలన్నీ దీని తరువాతే. వాలుపై ఎక్కువసేపు నిలవడం ప్రమాదం. అంతేకాక, బండి ఒరిగి ఉన్నంతసేపూ జబ్బు ముదురుతూనే ఉంటుంది. కార్బురేటర్ అడుగున ఉండే చిన్న గిన్నెలో పెట్రోలు మట్టాన్ని ఒక తేలుడు బిళ్ళ, దానికి ఆనుకున్న సూది కలిసి కాపాడతాయి. ఆ ఏర్పాటంతా బండి దాదాపు సమంగా నిలబడి ఉందన్న లెక్కమీద పనిచేసేదే. బండి పక్కకు పడుకుంటే తేలుడు బిళ్ళకు పైకేదో కిందికేదో తెలియదు, సూది సరిగా మూసుకోదు, గిన్నెలోని పెట్రోలు జెట్లనే సన్నటి రంధ్రాల గుండా ఇంజన్‌లోకి జారుతుంది. బండి ముక్కు పల్లానికి ఉంటే ట్యాంకు కార్బురేటర్లకన్నా ఎత్తుకు వస్తుంది, అప్పుడు ట్యాంకులోని పెట్రోలు కూడా అదే దారి పడుతుంది. అందుకే పెట్రోలు ట్యాప్ కట్టేయడం నేను చేసిన మొదటి మరమ్మతు.

నిలబడిన చోటనుంచే చూడగలిగినవి మరికొన్ని ఉన్నాయి, అవి చూడటానికి నిమిషం కూడా పట్టదు. బండినుంచి మనిషి పడిపోతే ఇంజన్‌ను ఆపే టెథర్ తాడు ఊడిందా? ఊడలేదు. హ్యాండిల్‌పై ఉండే, ఇంజన్‌ను ఆపే కిల్ స్విచ్ పడేటప్పుడు మోకాలో తొడో తగిలి నొక్కుకుపోయిందా? నిజంగానే నొక్కుకుని ఉంది. స్టార్ట్ కాని బండ్లలో చాలావాటికి అసలు కారణం ఈ రెండింటిలో ఒకటే అవుతుంది కాబట్టి నాకు కొంత ఆశ కలిగింది. ఆ తరువాత వేగం పెంచే థ్రాటిల్ మీటను నొక్కి వదిలాను. అది చప్పుడు చేస్తూ వెనక్కి వచ్చింది. వాలుపై తాడు లాగేముందు దీన్ని చూడకపోవడం అపాయకరం. కేబుల్‌లో మంచు గడ్డకట్టి థ్రాటిల్ తెరుచుకునే ఉండిపోతే, ఇంజన్ అంటుకున్న మరుక్షణం బండి మనిషిని వదిలి దూకుతుంది.

స్విచ్ పైకి లాగి, తాడు పట్టుకుని, ఒక్కసారిగా గుంజకుండా మెల్లగా లాగాను. సగం దూరం వచ్చి గోడకు తగిలినట్టు ఆగిపోయింది. మామూలుగా ఈ ఇంజన్‌లో పిస్టన్ పైకి వచ్చేటప్పుడు చేతికి గట్టిగా తెలుస్తుంది గానీ, కొంచెం బలం పెడితే ఆ బిగువు దాటిపోతుంది. ఇది అలా దాటే బిగువు కాదు. దీనికి మూడు కారణాలు ఉండవచ్చు. ఒకటి, ఇంజన్ పట్టేసి ఉండాలి. కానీ పడేవరకూ శుభ్రంగా నడిచిన బండి, వేడి కూడా ఎక్కువ కాలేదు. రెండు, ఇంజన్ బలాన్ని ట్రాక్‌కు అందించే బెల్టు క్లచ్‌లో ఇరుక్కుని, తాడుతోపాటు ట్రాక్‌ను కూడా లాగుతూ ఉండాలి. ఎడమవైపు మూత తెరిచి చూస్తే, బెల్టు ఇంజన్‌వైపు పుల్లీ అయిన డ్రైవ్ క్లచ్‌లో వదులుగానే ఉంది, తాడు కదిపినా వెనక పుల్లీ కదలడం లేదు. మిగిలిన మూడో కారణం సిలిండర్‌లో పెట్రోలు నిండటం. గాలిని నొక్కవచ్చు గానీ ద్రవాన్ని నొక్కలేము. అక్కడ బలప్రయోగం చేస్తే పిస్టన్‌కు కలిసి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆ క్షణమే తాడు వదిలేసి, టెథర్ కూడా తీసేసి, బండిని కిందికి దించడానికే సిద్ధపడ్డాను.

దించడమంటే ఎత్తి మోయడం కాదు. ఇలాంటి కొండబండ్ల బరువు పెట్రోలుతో కలిపి 200 కిలోలు దాటుతుంది. పారతో ముక్కు ముందున్న మంచును కోసి, ఎప్పుడూ బండికి ఎగువనే నిలబడి, కాళ్ళతో తోస్తూ ముక్కును పల్లానికి తిప్పాను. దిగువన నిలబడి స్కీ పట్టుకుని లాగితే తేలిగ్గా తిరుగుతుంది. అయితే అది జారితే వచ్చేది మనిషిమీదికే కాబట్టి ఆ పద్ధతి వాలుపై పనికిరాదు. ముక్కు తిరిగాక, బండి లేచేముందే బ్రేకు లాక్ వేసి, నిలబెట్టాను. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు డ్రైవ్ క్లచ్ విడిపోయి ఉంటుంది కాబట్టి ట్రాక్ స్వేచ్ఛగా తిరుగుతుంది. బ్రేకు డిస్క్ ట్రాక్‌వైపు ఇరుసుపై ఉంటుంది కాబట్టి ఇంజన్‌తో నిమిత్తం లేకుండా పనిచేస్తుంది. ఈ రెండు విషయాలు తెలిస్తే ఇంజన్ లేని బండిని నిటారు వాలుపై నేరుగా కిందికి దించవచ్చు. ఎదురుగా రాళ్ళు, చెట్లు, గోతులు లేవని గట్టుమీదినుంచి పెద్దాయన చూసి చెప్పాక, బ్రేకు నొక్కి వదులుతూ, ఎక్కడా ఆగకుండా కిందికి వచ్చేశాను. వాలు అడుగున ఆగకుండా, మంచుచరియ విరిగినా అందనంత దూరంలో చెట్లమధ్యనున్న చదునుదాకా ఆ ఊపుతోనే బండిని చేర్చాను. పెద్దాయన వేరే దారిన అక్కడికి వచ్చారు.

అసలైన పరీక్ష అక్కడ మొదలైంది. హుడ్ (ఇంజన్‌పై మూత) తీసి స్పార్క్ ప్లగ్గులు రెండూ విప్పాను. ఎడమ సిలిండర్ ప్లగ్గు తడిగా ఉంది. కుడి సిలిండర్ ప్లగ్గునుంచి పెట్రోలు బొట్లుగా కారింది. ప్లగ్గు మొనపైనున్న గోధుమరంగు పొర కొట్టుకుపోయి లోహం తళతళలాడుతోంది. బండి కుడివైపుకు పడుకుంది కాబట్టి కుడి సిలిండర్ దిగువకు వచ్చి, పెట్రోలులో అధికభాగం దానికే చేరింది. రెండు ప్లగ్గుల మధ్య ఈ తేడా కనిపించగానే నా సందేహం చాలావరకు తీరింది. కార్బురేటరే చెడిపోయి ఓవర్‌ఫ్లో అవుతుంటే అది బండి ఏ పక్కకు పడిందన్న దానిమీద ఆధారపడదు. ఇక్కడ మాత్రం పడిన పక్కకే పెట్రోలు చేరింది. అంటే జబ్బు వాలువల్ల వచ్చినదే తప్ప విడిభాగం పాడై వచ్చినది కాదు.

టూ-స్ట్రోక్ ఇంజన్‌లో పెట్రోలు నిండిందంటే సిలిండర్ ఒక్కటే కాదు, కింద క్రాంక్‌కేసు (ఇంజన్ అడుగు గది) కూడా నిండుతుంది. పెట్రోలు, గాలి కలిసి ముందు క్రాంక్‌కేసులోకే వచ్చి, అక్కడినుంచి పైకి వెళ్ళే నిర్మాణం అది. అందుకే ప్లగ్గులు తుడిచి బిగిస్తే సరిపోదు. రెండు లాగులు లాగేసరికి కిందున్న పెట్రోలు పైకి వచ్చి మళ్ళీ ప్లగ్గులను తడిపేస్తుంది. ట్యాప్ కట్టి ఉందని మళ్ళీ చూసుకుని, చోక్ కిందికి దించి, కిల్ స్విచ్ నొక్కి, ప్లగ్గు వైర్లను రంధ్రాలకు దూరంగా బండి లోహానికి ఆనించి పెట్టి, పెద్దాయన థ్రాటిల్‌ను పూర్తిగా తెరిచి పట్టుకోగా నేను తాడు లాగాను. మొదటి లాగుకే కుడి రంధ్రంలోంచి పెట్రోలు ధారగా ఎగిసి హుడ్ అంచును తడిపింది. మొహం పక్కకు పెట్టుకోవాలని పెద్దాయన ముందే హెచ్చరించారు కాబట్టి కళ్ళలో పడలేదు. లాగే కొద్దీ ధార తుంపరగా, తుంపర ఆవిరిగా మారింది. ఆవిరి కూడా కనిపించనంతవరకూ లాగుతూనే ఉన్నాం.

చోక్ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ రకం కార్బురేటర్లలో మనం చోక్ అని పిలిచేది గాలిని మూసే తలుపు కాదు, అదనపు పెట్రోలుకు దారి తెరిచే చిన్న మార్గం. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడే ఆ మార్గంలోకి పెట్రోలు బలంగా లాగబడుతుంది. కాబట్టి చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసేటప్పుడు చోక్ ఎత్తి థ్రాటిల్‌ను ముట్టుకోకూడదు. పెట్రోలు నిండిన ఇంజన్ విషయంలో సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చోక్ దించి థ్రాటిల్‌ను పూర్తిగా తెరవాలి. కంగారులో రెండూ కలిపేసి, చోక్ ఎత్తి థ్రాటిల్ తెరిచి లాగేవారిని చూశాను. అది దేనికీ పనికిరాదు.

ఆ తరువాత ప్లగ్గుకు కరెంటు వస్తోందో లేదో చూడాలి. పెట్రోలు ఆవిరి ఉన్నచోట నిప్పురవ్వ పుట్టించడం ప్రమాదం కాబట్టి, హుడ్ తెరిచే ఉంచి, తడిసిన చోట్లన్నీ గుడ్డతో తుడిచి, గాలి ఆడనిచ్చాం. కొత్త ప్లగ్గులు నా లోపలి కోటు జేబులో ఉన్నాయి. బండి సంచిలో పెడితే చల్లబడి, తీయగానే వాటిపై తేమ పట్టి గడ్డకడుతుంది, అందుకే వాటిని ఒంటివేడి తగిలేచోట పెట్టుకుంటాను. ప్లగ్గు మొన దగ్గరి సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉండేటట్టు ముందే సరిచేసి ఉంచాను. రంధ్రాలను గుడ్డతో కప్పి, ప్లగ్గుల మరలను వీలైనంత దూరంలో లోహానికి ఆనించి, టెథర్ పెట్టి, స్విచ్ పైకి తీసి లాగితే, ఎడమ ప్లగ్గుపై నీలిరవ్వ స్పష్టంగా కనిపించింది. కుడిదానిపై పసుపుపచ్చగా, ఒకసారి వచ్చి ఒకసారి రాకుండా వెలిగింది. కుడి ప్లగ్గు టోపీని విప్పి చూస్తే లోపల నీటి బిందువులున్నాయి. టోపీలోకి చేరిన పొడిమంచు ఇంజన్ వేడికి కరిగి నీరైంది. పొడిగుడ్డను మెలిపెట్టి లోపలంతా తుడిచాక రెండో రవ్వ కూడా నీలిరంగుకు వచ్చింది.

ఈ దశలో స్టార్టింగ్ స్ప్రే కొట్టమని చెప్పేవారుంటారు. నాకది గిట్టదు. టూ-స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్‌కు, సిలిండర్ గోడకు మధ్యనున్న నూనెపొర పెట్రోలుతోపాటు వచ్చిన నూనె వల్లనే ఏర్పడుతుంది. అప్పటికే పెట్రోలు వరద వచ్చి పలచబడిన ఆ పొరను ఈథర్ ఉన్న స్ప్రే మరింత కడిగేస్తుంది. కొండల్లో, చదునుకు గంటల దూరంలో, గీతలు పడిన సిలిండర్‌తో మిగలడం నాకు ఇష్టం లేదు.

ప్లగ్గులు బిగించి, ట్యాప్ కట్టి ఉండగానే థ్రాటిల్ సగం తెరిచి లాగాను. కొన్ని లాగుల తరువాత ఇంజన్ అంటుకుంది, తెల్లటి పొగ వదులుతూ కాసేపు తిరిగి, గొంతు నొక్కుకుపోయినట్టు ఆగింది. ట్యాప్ తెరిచి మళ్ళీ లాగితే మళ్ళీ అదే తీరు. ప్లగ్గు విప్పి చూస్తే తడి లేదు. కరెంటు ఉంది, పెట్రోలు అందుతోంది, అయినా నిలబడటం లేదంటే గాలి దగ్గరే చిక్కు ఉండాలి, లోపలికి వచ్చేదైనా, బయటికి పోయేదైనా. పెద్దాయన సైలెన్సర్ వైపు చూపించి, "పొగ పైనుంచి వస్తోంది, కిందినుంచి రావడం లేదు" అన్నారు. అది మంచి పరిశీలన. మోకాళ్ళపై కూర్చుని, కుడివైపు అడుగున చేయి పెట్టి చూస్తే గొట్టం నోరు గట్టి మంచుతో నిండి ఉంది. కొండవైపుకు పడినప్పుడు అక్కడ ఒత్తుకుపోయిన మంచు గొట్టం వేడికి కరిగి, మేము ప్లగ్గుల పనిలో ఉన్నంతసేపటిలో చలికి గడ్డకట్టింది. పొగ సైలెన్సర్ అతుకుల సందుల్లోంచి దారి చేసుకుంటోంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి, ముక్కలు చేసి బయటికి తీశాను. గొట్టం లోపలికి వేలు వెళ్ళినంతవరకూ మంచు మిగలకుండా చూసుకున్నాను.

ఇప్పుడు లాగితే ఇంజన్ నిలిచింది. నిదానంలో బాగానే తిరుగుతోంది గానీ, థ్రాటిల్ తెరిస్తే పైకి పోవడం లేదు. హుడ్ పక్కలనున్న గాలి జాలీలు మంచుతో పూడిపోయి ఉన్నాయి. వాటిని దులిపి, కార్బురేటర్లకు గాలి అందించే డబ్బా మూత తెరిచి చూస్తే అడుగున తడిమంచు ముద్దగా పేరుకుంది. అది కరిగితే నీరుగా కార్బురేటర్లలోకే పోతుంది కాబట్టి చేత్తో తీసి, గుడ్డతో అద్ది, మూత బిగించాను. దానితో ఇంజన్ పూర్తి చప్పుడుకు వచ్చింది. ఆగి ఉన్న బండిని ఎక్కువసేపు తిప్పకూడదు. ఈ ఇంజన్‌ను చల్లబరిచే నీరు చల్లారేది ట్రాక్ ఎగజిమ్మే మంచు తగిలినప్పుడే. అందువల్ల మిగిలిన పొగంతా పోయేదాకా అక్కడ ఉంచక, చదునులోనే నెమ్మదిగా నడిపాను.

ఎత్తు ప్రభావం కూడా ఇందులో కలిసింది. 3000 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే సుమారు నాలుగోవంతు తగ్గుతుంది. కార్బురేటర్‌కు ఆ సంగతి తెలియదు, అది పంపే పెట్రోలు అదే పాళ్ళలో తగ్గదు. అందుకే ఎత్తుకు తగినట్టు చిన్న మెయిన్ జెట్లు వేసుకుంటాం. అలా వేసుకున్నా నిదానంలో మిశ్రమం చిక్కగానే ఉంటుంది కాబట్టి, కింద ఒకటి రెండు లాగులకు క్షమించే ఇంజన్ పైన క్షమించదు. పెద్దాయన నడిపే ఇంజెక్షన్ బండికి ఈ బెడద లేదు, ఒరిగినా పెట్రోలు ఇలా జారదు. దానికి వేరే షరతులున్నాయి. బ్యాటరీ లేని ఇంజెక్షన్ బండిలో కంప్యూటరుకు, పంపుకు కావలసిన విద్యుత్తు తాడు లాగినప్పుడే పుడుతుంది. మెల్లగా లాగితే అసలు ఏమీ జరగదు, వేగంగా, పూర్తి పొడవు లాగాలి. సైలెన్సర్ మంచుతో పూడితే మాత్రం రెండు బండ్లూ ఒకేలా ఆగుతాయి.

తిరుగుదారిలో బండి బాగానే నడిచింది. అయితే మరునాడు చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేస్తే నిదానంలో ఒక సిలిండర్ అప్పుడప్పుడు తప్పుతున్నట్టు వినిపించింది. కుడి కార్బురేటర్ గిన్నె అడుగునున్న మర విప్పి, లోపలి పెట్రోలును గాజు సీసాలోకి పట్టాను. అడుగున గోలీల్లా రెండు మూడు నీటి బొట్లు విడిగా దొర్లాయి. గాలి డబ్బాలో మంచు చేత్తో తీసినా, అప్పటికే కరిగినది కొంత అక్కడికి చేరిందన్నమాట. రెండు గిన్నెలూ ఖాళీ చేసి, కొత్త పెట్రోలు నింపి, ప్లగ్గు టోపీలను పొడిగా ఆరబెట్టి బిగించాక సిలిండర్ అలా తప్పడం ఆగిపోయింది.